120 గీత: ఒక ఎత్తు పలక ఆత్మకథ

నేను ప్లైవుడ్ పలకను. అయిదడుగుల ఎత్తు, అడుగు వెడల్పు. నా మీద ఒక ఏనుగు బొమ్మ, దాని తొండం చివర ఎర్ర గీత, గీత పక్కన 120 అనే అంకె ఉంటాయి. రైడ్ ఎక్కడానికి వచ్చిన పిల్లలను నా పక్కన నిలబెట్టి చూస్తారు. తల గీతను తాకితే లోపలికి పంపుతారు, తాకకపోతే వెనక్కి. జనం నన్ను హైట్ బోర్డు అంటారు.

పుట్టింది బేగంపేటలో, ప్రకాశ్ నగర్ సందులో బోర్డులు రాసే పెయింటర్ దుకాణంలో. రంగులు, వార్నిష్ సంగతి వదిలేస్తాను. నాకు గుర్తుండిపోయింది గీత కొట్టిన రోజు. ఆయన నన్ను నిటారుగా నిలబెట్టి, టేపు నేలకు ఆనించి కొలిచి, పెన్సిల్ గుర్తు పెట్టి, చెరిపి, మళ్లీ కొలిచాడు. రంగు కలిపే కుర్రాడు, "ఒక ఇంచు అటూ ఇటైతే ఏమైతది ఉస్తాద్?" అని అడిగాడు. "బొమ్మ వంకరైతే నా పేరు పోతది. గీత వంకరైతే ఎవరి పిల్లగాడో పోతడు" అన్నాడాయన. ఆ మాట మీదే ఇన్నేళ్లూ నిలబడ్డాను.

మొదటి కొలువు నాంపల్లి నుమాయిష్‌లో. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో మొదలైన ఆ ప్రదర్శన 1946లో నాంపల్లి మైదానానికి మారింది. జనవరి 1న మొదలై ఫిబ్రవరి సగం దాకా నడుస్తుంది. కశ్మీర్ శాలువాల దుకాణాలు, లక్నో చికన్ బట్టల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు దాటుకుంటూ వస్తే రైడ్లు. జెయింట్ వీల్, బ్రేక్ డ్యాన్స్, టోరా టోరా, చెక్క గోడల మీద మోటార్ సైకిళ్లు తిరిగే మౌత్ కా కువా. నన్ను ఉయ్యాలలా ముందుకూ వెనక్కూ ఊగే కొలంబస్ ఓడ ముందు పెట్టారు. ఒక కాంట్రాక్టరు దగ్గర పని. నుమాయిష్ అయిపోయాక ఆయన రైడ్లతో పాటు లారీలో ఊళ్ల జాతరలకూ వెళ్లేదాన్ని.

120 చూసి అదేదో వయసుకు కొలత అనుకుంటారు చాలామంది. ఏడేళ్ల ప్రాంతంలో ఎక్కువమంది పిల్లలు ఆ ఎత్తుకు వస్తారు, నిజమే. అయిదున్నరకే వచ్చేవాళ్లున్నారు, తొమ్మిదేళ్లకు గానీ రానివాళ్లూ ఉన్నారు. నా గీతకు వయసుతో పని లేదు. సీటు ముందు పడే కడ్డీతోనే పని. ఆ కడ్డీ తొడల మీద, నడుముకు దగ్గరగా గట్టిగా ఆనాలి. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉన్న సీట్లో తండ్రీ కొడుకూ కూర్చుంటే అది తండ్రి తొడల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న చిన్నవాడి ఒడికీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. ఓడ పైకి వెళ్లి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి జారేటప్పుడు ఒంట్లో బరువే లేనట్టుంటుంది. సీట్లోంచి లేచిపోయినట్టు అనిపిస్తుంది కదా, ఆ క్షణం. అప్పుడు పిల్లవాణ్ణి సీట్లో ఉంచేది ఆ కడ్డీ తప్ప మరేదీ కాదు.

"నేను పట్టుకుంట గదా" అంటారు తండ్రులు. ఓడ బాగా పైకి ఊగి కిందికి వచ్చేసరికి ఒంటి బరువు దాదాపు రెండింతలవుతుంది. 20 కిలోల పిల్లవాడు 40 కిలోల బరువు తూగుతాడు. పట్టుకున్న చెయ్యి బరువూ అలాగే రెండింతలవుతుంది. ఆ చేతి మీద ఏం భరోసా పెట్టుకోగలం? రోలర్ కోస్టర్లలో చాలావాటికి గీత నాకంటే పైన, 140 దాకా కూడా ఉండేది ఇందుకే. దానికి మెడ సంగతి కూడా తోడవుతుంది. పుట్టినప్పుడు మనిషి తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, పెద్దయ్యేసరికి ఎనిమిదో వంతుకు వస్తుంది. చిన్నపిల్లల తల ఒంటికి మించిన బరువు, దాన్ని మోసే మెడ లేతది. గట్టి మలుపులో ఆ తల ఎటు విసురుగా వెళ్తుందో వాళ్ల చేతుల్లో ఉండదు.

ఇదంతా ఆపరేటర్ నోరు నొప్పి పుట్టేలా చెప్పేవాడు. వినేదెవరు? మడమలెత్తి నిలబడమని పిల్లల చెవుల్లో చెప్పేవారు. బూట్లలో రుమాలు మడిచి పెట్టేవారు. నడినెత్తిన పిలక వేసి తెచ్చి, అది గీతకు తగిలిందని వాదించేవారు. "ఏమైతదన్నా, రెండించులే గదా. పండగ పూట పిల్ల ఏడుస్తుంది" అనేవారు. "కడ్డీ ఆనదు సార్. టాయ్ ట్రైన్ ఉంది, అది ఎక్కించుండ్రి" అని ఆపరేటర్ బతిమాలేవాడు. మెట్రో వచ్చాక ఇంకో సంగతి చూశాను. మెట్రోలో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్ లేదు. అక్కడ చిన్నపిల్లను మోకాళ్లు కొంచెం వంచమన్న తల్లే నా దగ్గరకొచ్చి పెద్దపిల్లను నిక్కి నిలబడమనేది. టికెట్ దగ్గర నాలుగు రూపాయలు మిగుల్చుకోవడం వేరు, కడ్డీ దగ్గర రెండంగుళాలు దొంగిలించడం వేరు.

అవన్నీ ఓర్చుకున్నాను. పొట్టి పిల్లలను ఎక్కించాలని చూస్తే ఆపరేటర్ అడ్డుపడతాడు. ఎత్తు సరిపోయి, మనసు సరిపోని పిల్లలకు అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు. నాకు తీరని బాధ అక్కడుంది.

ఆరేళ్ల పిల్లవాడొకడు నాయనమ్మ కొంగు పట్టుకుని వచ్చాడు. ఏడాది కాలంలో బాగా ఎదిగినట్టున్నాడు, తల గీతను దాటింది. "చూసినవా, బోర్డే చెప్తుంది నువ్వు పెద్దోడివైనవని. ఇంకేం భయంరా?" అన్నాడు తండ్రి. నేనా మాట చెప్పలేదు. కడ్డీ ఆనుతుందని మాత్రమే చెప్పాను. "వద్దంటుండు గదా బిడ్డా, ఇడిసిపెట్టు" అంది నాయనమ్మ. "నువ్వూకో అమ్మా, గిట్లనే పిరికోడైతడు" అని తండ్రి వాణ్ణి ఎత్తుకుపోయి ఓడ చివరి సీట్లో కూర్చోబెట్టాడు. చివరి సీట్లే అన్నిటికంటే ఎత్తుకు వెళ్తాయి. మొదటిసారి ఎక్కేవాళ్లను మధ్యలో కూర్చోబెట్టాలని కూడా ఆయనకు తోచలేదు.

ఓడ ముందు ఇన్నేళ్లు నిలబడ్డాక అరుపులు గుర్తుపట్టడం వస్తుంది. అరిచే పిల్లలు భయపడుతూనే ఆడుకుంటుంటారు. అరుపుల మధ్య నవ్వు వినిపిస్తూనే ఉంటుంది. ఆ పిల్లవాడు రెండో ఊపుకల్లా అరవడం మానేశాడు. కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు బిగించి, తెల్లబోయి కూర్చున్నాడు. మోటారు ఆపినా ఊపు తగ్గడానికి చాలాసేపు పడుతుంది, ఓడను నడిమధ్యలో టక్కున ఆపలేరు. దిగాక వాంతి చేసుకున్నాడు. "చూడు, ఏం కాలే గదా" అన్నాడు తండ్రి. మరుసటి ఏడు ఆ కుటుంబం మళ్లీ వచ్చింది. వాడు ఏనుగు బొమ్మను దూరం నుంచే చూసి ఆగిపోయాడు. టాయ్ ట్రైన్ కూడా ఎక్కనన్నాడు. ఒక పిల్లవాడి జనవరి సంబరాన్ని పాడు చేయడానికి నన్ను సాక్ష్యంగా వాడుకున్నారు.

తర్వాత కాంట్రాక్టరు నన్ను అమీర్‌పేట, బేగంపేటల నడుమ ఒక మాల్‌లో గేమ్ జోన్ నడిపేవాళ్లకు ఇచ్చేశాడు. అక్కడ ఎండా దుమ్మూ లేవు. చల్లటి గాలిలో ఒక చీకటి గుహ ముందు నిలబెట్టారు. చిన్న బండిలో కూర్చుంటే అది గుహలోకి పోతుంది, దయ్యాల బొమ్మలు ముఖం మీదికి వస్తాయి. బండి మెల్లగా నడుస్తుంది కాబట్టి నా గీతకు అక్కడ పెద్ద పని లేదు. అయినా తల్లిదండ్రులు నన్నే చూసి లోపలికి పంపేవారు.

క్యూలో ఒకరోజు ఒక పిల్లల డాక్టరమ్మ తన చెల్లెలితో చెబుతుంటే విన్నాను. 1969లో రీటా డివ్రీస్ అనే ఆమె మేనార్డ్ అనే పిల్లిని పిల్లలకు చూపించి, వాళ్ల ఎదుటే దానికి కుక్క ముసుగు తొడిగిందట. మూడేళ్ల పిల్లల్లో చాలామంది అది కుక్క అయిపోయిందనుకున్నారట. ఆరేళ్లవాళ్లకు మాత్రం లోపల పిల్లే ఉందని తెలుసట. "మనకు అది రబ్బరు బొమ్మ. నాలుగేళ్ల దానికి అది దయ్యమే. ఎన్నిసార్లు బొమ్మ అని చెప్పినా రాత్రి పడుకున్నాక మాత్రం దయ్యమే" అంది డాక్టరమ్మ. చెల్లెలు, "నేను నవ్వుతూ తీసుకుపోతే భయపడదేమో?" అని అడిగింది. ఆ మాటకు ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. 1985లో అమెరికాలో జేమ్స్ సోర్స్ బృందం ఏడాది పిల్లలను ఒక గాజు బల్ల మీద పాకించింది. గాజు కింద ఒక చోట సుమారు అడుగు లోతు పల్లం కనిపించేలా పెట్టారు. అవతలి నుంచి తల్లి సంతోషంగా చూస్తే 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. తల్లి ముఖం భయంగా పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

నాకు ఆ మాట లోపల దిగింది. పిల్లలు మన ముఖం చూసి అడుగు వేస్తారు. అంటే ఆ ముఖాన్ని అబద్ధానికి వాడకూడదని కదా అర్థం. తల్లి నవ్వును నమ్మి గుహలోకి వెళ్లిన పిల్ల లోపల బెదిరిపోతే, మరుసటిసారి దేన్ని చూసి నమ్మాలి?

సరిగ్గా చేసిన తల్లి ఒకావిడ గుర్తుంది. కూతురికి ఏడేళ్లుంటాయి, గీత సరిగ్గా తలకు తగిలింది. అయినా టికెట్ కొనలేదు. పిల్లను పక్కన నిలబెట్టి లోపలికి వెళ్లే బండ్లను, బయటికి వచ్చేవాళ్ల ముఖాలను చూడమంది. పిల్ల ప్రశ్నలు మొదలుపెట్టింది. "మధ్యలో ఆపమంటే ఆపుతరా?" "నువ్వు నా పక్కనే కూసుంటవా?" "లైటు ఎప్పుడొస్తది?" ఒక్కోదానికీ ఆ తల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆపరని చెప్పింది, పక్కనే కూర్చుంటానని చెప్పింది, లైటు చివర్న వస్తుందంది. పిల్ల ఆలోచించి, "ఈరోజొద్దు, ఇంకోరోజు" అంది. తల్లి "సరే" అని ఐస్‌క్రీమ్ కొనిపెట్టి తీసుకుపోయింది. కొన్ని వారాలకు పిల్లే చెయ్యి పట్టి తల్లిని లాక్కొచ్చింది. గుహలోంచి అరుస్తూ, నవ్వుతూ బయటికొచ్చి మళ్లీ క్యూలో నిలబడింది. ప్రశ్నలు అడిగే పిల్ల సిద్ధమవుతున్న పిల్ల. నోరు మూసుకుని కొంగు వెనక్కి పోయే పిల్లకు ఇంకా సమయం రాలేదు. ఈ తేడా నా మీద గీసి పెట్టగలిగే రంగు ఏ పెయింటర్ దగ్గరా లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మాల్ మూతపడింది, గేమ్ జోన్ మళ్లీ తెరవలేదు. యంత్రాలను ఎవరో కొనుక్కుపోయారు. నన్ను అడిగినవాళ్లు లేరు. మిగిలిన చెత్తతో పాటు బేగంపేట బ్రాహ్మణవాడిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పడేశారు. ఎదురుగా ఒక గోడ, పక్కన పాత సైకిళ్లు. పిల్లలెవరూ రాని చోటు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. అక్టోబర్ 13 రాత్రి నగరమంతా ముంచెత్తిన వాన పడింది. సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయి. నీళ్లు తోడేశాక కూడా నేను తడిలోనే ఉండిపోయాను. ప్లైవుడ్‌కు తడి తగిలితే పొరలు విడిపోతాయి. కింది అంచు ఉబ్బి, మెత్తబడి, ఊడిపోసాగింది. వాచ్‌మన్ నన్ను తీసి మోరీ మీద అడ్డంగా వేశాడు. ఏనుగు ముఖం మీదుగా స్కూటర్లు వెళ్లాయి. పిల్లలు నా పక్కన నిలబడడానికి ఉబలాటపడిన రోజులు తలుచుకుని ఏడవాలనిపించేది.

చివరికి రసూల్‌పురలో పాత సామాన్ల దుకాణానికి చేరాను. దుకాణదారు మంచివాడే. కింద కుళ్లిన భాగం చూసి, నిటారుగా నిలబడడం లేదని రంపం పెట్టించాడు. రెండంగుళాలు కోసేశారు. పైన గీత అలాగే ఉంది, ఏనుగు అలాగే ఉంది, 120 అంకె ఇంకా ఎర్రగానే ఉంది. నేల నుంచి కొలిస్తే మాత్రం ఆ గీత ఇప్పుడు 115 దగ్గర ఉంది. ఇన్నేళ్లూ జనం నా దగ్గర దొంగిలించాలని చూసిన ఆ రెండించులూ ఒక్క రంపపు కోతతో పోయాయి. మొన్న జాతరల్లో రైడ్లు తిప్పే ఒకాయన వచ్చి నా ధర అడిగాడు. రంగు బాగుందన్నాడు. టేపు పెట్టి చూడలేదు.

కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను. ఏ జాతరలోనైనా ఎర్ర గీత, ఏనుగు బొమ్మ ఉన్న పాత పలక కనిపిస్తే నా మాట నమ్మకండి. ఇంటి దగ్గరే పిల్లవాణ్ణి గోడకు ఆనించి, చెప్పులు లేకుండా టేపుతో కొలుచుకుని రండి. సీట్లో కూర్చున్నాక కడ్డీ వాడి ఒడికి ఆనిందో లేదో మీ చేత్తో లాగి చూడండి. మీ తొడలకు ఆనితే చాలదు. అన్నీ సరిపోయాక కూడా, టికెట్ కొనేముందు ఎక్కుతావా అని వాణ్ణి అడగండి. వద్దంటే ఆ రోజుకు వదిలేయండి.