జోజప్ప నిద్రపోతే మనమూ పడుకోవాలా?

మా మనవడు మొన్న ఆన్‌లైన్‌లో ఒక జోజప్ప బొమ్మ, అదే మరియ తల్లి భర్త యోసేపు గారి బొమ్మ, తెప్పించాడు. చేతిలో లిల్లీ పువ్వు పట్టుకుని నిలబడే మామూలు జోజప్ప కాదు. ఒక పక్కకు ఒత్తిగిలి, తల కింద చెయ్యి పెట్టుకుని హాయిగా నిద్రపోతున్న జోజప్ప. దాని కింద వాడి వీసా కాగితాల జిరాక్సు మడిచి పెట్టాడు.

"ఇదేం పనిరా?" అన్నాను.

"పోపుగారు కూడా ఇట్లనే పెట్టేవారు నానమ్మా. కష్టం రాసి పెడితే జోజప్ప నిద్దట్లో చూసుకుంటాడు" అన్నాడు.

వాడన్నది అబద్ధం కాదు. 2015 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ గారు మనీలాలో కుటుంబాలతో మాట్లాడుతూ, తన దగ్గర అలాంటి బొమ్మ ఉందనీ, ఇబ్బంది వస్తే చిన్న కాగితం రాసి దాని కింద పెడతాననీ చెప్పారు. అంతే, ఎక్కడ చూసినా పడుకున్న జోజప్పలే. అదే ప్రసంగంలో ఆయన ఇంకొకటి కూడా చెప్పారు: దేవుని మాట విన్నాక జోజప్పలాగే మనమూ నిద్ర లేవాలి, పని మొదలుపెట్టాలి అని. ఆ సగం మాత్రం ఎవరూ ఆర్డరు పెట్టలేదు.

మత్తయి సువార్త తీసి చూడండి. జోజప్పకు నాలుగుసార్లు కలలో సందేశం వచ్చింది. సువార్తల్లో ఆయన నోటి నుంచి ఒక్క మాట లేదు. ఐగుప్తుకు పొమ్మంటే తెల్లారనివ్వండి అనలేదు, ఆ రాత్రే తల్లినీ బిడ్డనూ తీసుకుని బయల్దేరాడు. అక్కడ ఇల్లుందా, పనుందా అని అడగలేదు. మా రోజుల్లో దేవుని మీద భారం వేయడమంటే ఇదీ. భారం ఆయన మీద వేసి, చెప్పులు మనం వేసుకునేవాళ్ళం.

మా బాపు పత్తర్‌గట్టీలో షేర్వానీలు కుట్టేవాడు. ఇల్లు శాలిబండ వైపు ఒక గల్లీలో. పూజకు గన్‌ఫౌండ్రీలోని జోజప్ప గుడికి, కాలినడకన. చార్మినార్, గుల్జార్ హౌజ్, మదీనా, నయాపూల్, అఫ్జల్‌గంజ్, కోఠి, ఆబిడ్స్. చీకటితో బయల్దేరేవాళ్ళం, అదీ ఖాళీ కడుపుతో. నా మొదటి సత్ప్రసాదం నాటికి అర్ధరాత్రి దాటితే గుక్కెడు మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. 1953లో నీళ్ళకు సెలవిచ్చారు, 1957లో మూడు గంటల ఉపవాసం చాలన్నారు, 1964లో దాన్ని గంటకు దించారు. ఆ గంట కూడా ఇప్పుడు ఎవరికి గుర్తుంది? గేటు దగ్గర ఇడ్లీ తిని, మూతి తుడుచుకుంటూ లోపలికి వస్తున్నారు. నేను చూస్తే "షుగర్ ఉంది ఆంటీ" అంటారు. పాతికేళ్ళ పిల్లలకు కూడా ఆదివారం పొద్దున మాత్రం షుగరే.

నయాపూల్ మీదికి రాగానే బాపు ఉస్మానియా దవాఖానా వైపు చెయ్యి చూపించి చింతచెట్టు కథ చెప్పేవాడు. ప్రతివారం అదే కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు, ఆ చెట్టు కొమ్మలు పట్టుకుని నూటయాభై మందికి పైగా బతికారు. "దేవుడు ముందే చెట్టు నాటించి పెట్టాడు చూశావా" అనేది అమ్మ. "నాటించాడు సరే, ఎక్కింది వాళ్ళే కదా" అనేవాడు బాపు. పూల్ దాటేదాకా ఇద్దరికీ ఇదే వాదం. ఆ వయసులో నాకు కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ పట్టేది కాదు గానీ, ఇప్పుడు ఆలోచిస్తే నేను నేర్చుకున్న జ్ఞానోపదేశంలో సగం ఆ పూల్ మీద జరిగిందే.

గన్‌ఫౌండ్రీ అంటేనే ఫిరంగులు పోసిన చోటు. 1786లో ఫ్రెంచి దొర రేమండ్ పెట్టించిన కార్ఖానా అది, తోప్ కా సాంచా. ఆ పక్కనే ఎత్తు మీద మిలాను నుంచి వచ్చిన మిషనరీ స్వాములు 1870లో జోజప్ప పేర గుడి మొదలుపెట్టారు. అదే ఏడాది డిసెంబరు 8న రోములో పోపు తొమ్మిదవ పయస్ గారు జోజప్పను లోకంలోని తిరుసభ అంతటికీ పాలకుడిగా ప్రకటించారు. ఇక్కడ గోడలు లేస్తుంటే అక్కడ ఆ ప్రకటన! మా అమ్మ అయితే దీన్ని కూడా దేవుని ఏర్పాటు ఖాతాలోనే రాసేది. 1875 క్రిస్మస్‌కు పూజ జరిగింది. 1892లో ఇటలీ నుంచి అయిదు గంటలు తెచ్చి కట్టారు. మేం ఆబిడ్స్ చేరేసరికి ఆ గంటలు వినిపించేవి. గంట మోగితే బాపు నడక పెంచేవాడు, వెనక మేం పరుగు. ఇప్పుడు గంట మోగితే జనం జేబులు తడుముకుంటున్నారు, ఎవరి ఫోనో అని.

లోపల అంతా లాటిన్. స్వాములవారు పీఠం వైపు తిరిగి, మాకు వీపు పెట్టి చేసేవారు. ముందు బెంచీల్లో ఆంగ్లో ఇండియన్లు, ఆఫీసర్ల కుటుంబాలు, టోపీలు, గౌన్లు. మేం వెనక. ఎవరూ వెనక కూర్చోమని చెప్పలేదు, ముందుకు రమ్మనీ చెప్పలేదు. అది బాగుండేదని నేను అనను. లాటిన్ పోయిందని ఏడ్చే ముసలివాళ్ళు ఉన్నారు, నేను వాళ్ళలో లేను. రెండవ వాటికన్ మహాసభ అయ్యాక పూజ తెలుగులోకి వచ్చింది. అమ్మకు జీవితంలో మొదటిసారి స్వాములవారు ఏం చదువుతున్నారో అర్థమైంది. చెవులప్పగించి వినేది. 1969లో భారతదేశానికి తగిన కొన్ని పద్ధతులకు రోము అనుమతి ఇచ్చింది: చెప్పులు విడవడం, నేల మీద కూర్చోవడం, చేతులు జోడించి నమస్కరించడం, హారతి. "ఇది మనకు కొత్తా?" అన్నాడు బాపు. ఆయన ఎప్పుడూ చెప్పులు బయటే విడిచేవాడు.

మరి నా గొణుగుడు దేని మీద? లాటిన్ మీద కాదు, గిటారు మీద కూడా కాదు (శ్రుతిలో ఉంటే). దేవుడు దారి చూపిస్తాడు అంటూ దారి మీద కాలు పెట్టని వాళ్ళ మీద.

1967 క్రిస్మస్ రంజాన్ నెలలో వచ్చింది. నడిరాత్రి పూజ అయ్యాక మేం ఎప్పటిలాగే నడిచి ఇల్లు చేరాలి. మామూలు రోజుల్లో ఆ వేళకు పాతబస్తీలో కుక్కలు తప్ప ఎవరూ కనబడరు. ఆ రాత్రి మాత్రం మదీనా దగ్గరి నుంచే దీపాలు, హోటళ్ళ పొయ్యిలు, సెహ్రీకి జనాన్ని లేపే వాళ్ళ కేకలు. పట్టుచీరల్లో మమ్మల్ని చూసి మా గల్లీ ఖాలాజాన్ ఆపేసింది. "బీబీ మరియం కొడుకు పుట్టిన రోజు కదా, ఉత్త చేతుల్తో పోతారా?" అని గిన్నెడు ఖీర్ చేతిలో పెట్టింది. మరియ తల్లి పేర ఖురాన్‌లో ఒక సూరా ఉందని, అది పందొమ్మిదోదని నాకు చెప్పింది కూడా ఆవిడే. తెల్లారి అమ్మ గులాబీ పువ్వులు, అరిసెలు పంపింది, పొద్దు గూకాక తినమని చెప్పి మరీ. రాత్రిపూట ఆడపిల్లల్ని తీసుకుని అంత దూరం ఎట్లా నడిచారమ్మా అని మా కోడలు అడుగుతుంది. ఎట్లా ఏముంది, నడిచాం.

"నారు పోసినవాడు నీరు పోయడా" అనేది అమ్మ. ఆ సామెత ఇప్పుడూ వింటున్నాను, కుర్చీలో కూర్చుని అనేవాళ్ళ నోట. అమ్మ మాత్రం నడుం వంచి నాటు వేస్తూ అన్నట్టే అనేది. 1990 డిసెంబరు అల్లర్లలో కర్ఫ్యూ పెట్టినప్పుడు పాతబస్తీలో పాలు లేవు, కూరలు లేవు, ఆగమన కాలమే గానీ ఆదివారం పూజ కూడా లేదు. అమ్మకు అప్పటికి మోకాళ్ళు పనిచేయవు. అయినా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం త్రికాల జపం తప్పలేదు. జపం అవ్వగానే బియ్యం డబ్బా తెప్పించుకుని గ్లాసుతో కొలిచేది. మనకింత, పక్కింటికింత. పక్కిల్లంటే ఖాలాజాన్ ఇల్లే. వాళ్ళ పిట్టగోడ మీది నుంచి పప్పు వచ్చేది, మా నుంచి బియ్యం పోయేది. పోలీసు జీపు చప్పుడైతే అందరం లోపలికి. "దేవుడు కాపాడతాడంటావు, మళ్ళీ గింజలెందుకు లెక్కపెడతావు?" అని మా తమ్ముడు ఎగతాళి చేశాడు. "కాపాడేవాడికి పని తగ్గిద్దామని" అంది.

మా విచారణలో, అంటే మా గుడి పారిష్‌లో, విన్సెంట్ డీ పాల్ సభ అని ఉండేది. 1833లో పారిస్‌లో ఓజనాం అనే కుర్రవాడు, అప్పటికి వాడింకా విద్యార్థి, స్నేహితులతో కలిసి మొదలుపెట్టిన సభ. లోకమంతా పాకింది, మా గుడి దాకా వచ్చింది. బాపు అందులో సభ్యుడు. ఎవరింట్లోనైనా సంపాదించే మనిషి పోతే, ఇద్దరు మగవాళ్ళు చీకటిపడ్డాక బియ్యం మూట తీసుకుపోయేవాళ్ళు. చీకటిపడ్డాకే ఎందుకంటే, గల్లీలో వాళ్ళ ఇజ్జత్ పోకూడదు. ఏ ఇంటికి ఇచ్చారో బాపు అమ్మకు కూడా చెప్పేవాడు కాదు. ఆ ఇంటివాళ్ళు పరలోక జపంలో ఆనాటి అన్నం అడిగి ఉంటారు, తలుపు కొట్టిన చప్పుడయ్యింది. అంతే సంగతి. ఇప్పుడు సాయం చేయట్లేదని నేననను, ఎక్కువే చేస్తున్నారు. కానీ డబ్బు ఫోన్లో పంపి, ఆ రసీదు ఫొటో వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నలభై చేతులు జోడించిన బొమ్మలు వచ్చేదాకా నిద్రపోరు. తీసుకున్నవాడి పేరు కూడా అందులోనే. వాడి పిల్లలూ ఆ గ్రూపులో ఉంటారన్న ఆలోచన ఎవరికీ రాదు.

మన అగ్రపీఠాధిపతి పూల అంథోని గారు 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. దళితుల్లో మొదటి కార్డినల్, తెలుగువాళ్ళలోనూ ఆయనే మొదలు. ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు పండగే. కర్నూలు జిల్లా పల్లెలో పుట్టి, పేదరికంతో చదువు ఆగిపోతే మిషనరీలు చెయ్యి పట్టుకుని మళ్ళీ బడి బాట పట్టించారు. మా మనవడు చప్పట్లు కొట్టి "చూశావా నానమ్మా, దేవుని ప్లాన్!" అన్నాడు. అవునురా, దేవుని ప్లానే. కానీ ఆ పల్లెకు ఎవరో ఒకరు ఎండలో పోయారు కదా? ఆ పిల్లవాడి ఇంటి గడప ఎవరో తొక్కారు కదా? దేవుడు నడిపించాడని మీరు చెప్పే ప్రతి కథలో, కాళ్ళు అరిగిన మనిషి ఒకడు ఉంటాడు. వాణ్ణి మాత్రం మీరు కథలోంచి తీసేస్తారు.

పూజ మనవులు కూడా మారాయి. అప్పుడు చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికి, వానలకు, కాన్పు సుఖంగా కావడానికి చెప్పించేవాళ్ళు. చివర "నీ చిత్తం" అని వదిలేసేవాళ్ళు. ఇప్పటి మనవులు ఆఫీసు ఆర్డర్లలా ఉంటున్నాయి. ఫలానా దేశం, ఫలానా నెల, ఫలానా జీతం. రాకపోతే నవదినాలు ఇంకో గుడిలో. గుణదల కొండ ఎక్కేది అడగడానికే, కాదనను, మేమూ ఫిబ్రవరి తిరునాళ్ళలో రైలెక్కి పోయి మాత ముందు ఏడ్చినవాళ్ళమే. ఏడ్చి దిగొచ్చి మర్నాడు కుట్టుమిషన్ ముందు కూర్చునేవాళ్ళం. మేరీమాత బాపు షేర్వానీకి గుండీలు కుట్టలేదు.

మా మనవడి వీసా సంగతి అడుగుతారేమో. ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. వాడు ప్రాక్టీసు చేయలేదు, జోజప్ప చూసుకుంటాడట. నేను బొమ్మ కింది కాగితం తీసి, వాడి చేతికిచ్చి, రోజూ సాయంత్రం నాకు ఇంగ్లీషులో జవాబులు చెప్పమన్నాను. ముప్పై ఏళ్ళు సర్కారు బళ్ళో టీచర్నండీ, ఊరికే వదులుతానా. ఖాళీ అయిన జోజప్ప ఇప్పుడు నిజంగా హాయిగా నిద్రపోతున్నాడు.

ఇక ఈ నెల సంగతి. ఇప్పుడు నేను పోయేది వేరే విచారణ, ఏదో చెప్పను, మళ్ళీ గ్రూపులో గొడవ. పాతబస్తీకి మెట్రో అని 2024 మార్చిలో ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు, అది వచ్చేదాకా నాకు ఆటోనే దిక్కు. మొదటి శుక్రవారం మంచాన పడ్డవాళ్ళకు ఇంటికే సత్ప్రసాదం తీసుకుపోతారు. దానికి మనుషులు కావాలని గ్రూపులో అడిగితే బొటనవేళ్ళు బోలెడు వచ్చాయి, మనుషులు రాలేదు. రోగుల లిస్టు మాత్రం చక్కగా టైపు చేసి పెట్టారు. చూస్తే అందులో నా పేరు! వయసు చూసి వేసేశారట. ఆటో కట్టించుకుని పోయి, ఫాదర్ గారి ఎదుటే పెన్ను తీసుకుని ఆ పేరు కొట్టేశాను. కింద ఇంకో కాగితం ఉంది, వెంట వచ్చేవాళ్ళ లిస్టు, ఖాళీగా. అందులో రాసి వచ్చాను. శుక్రవారం పొద్దున ఆరింటికి. మనవణ్ణి కూడా రమ్మన్నాను, మెట్లున్న ఇళ్ళకు నాకు చెయ్యి కావాలి.