స్వర్గద్వారం దగ్గర టోకెన్

ప్రైవేటు అనే మాటకు మా చౌటుప్పల్‌లో ఇదివరకు మూడు అర్థాలుండేవి. ప్రైవేటు బడి అంటే పిల్లవాడు టై కట్టుకుని పోయేది. ప్రైవేటు దవాఖాన అంటే తండ్రి పొలం అమ్ముకుని పోయేది. ప్రైవేటు బస్సంటే ఊళ్లో ఆపుతానని ఎక్కించుకుని పంతంగి టోల్‌గేటు దగ్గర దింపేది. మొన్న ఎండాకాలంలో నాలుగో అర్థాన్ని మా బావ బాలి దీవి నుంచి మోసుకొచ్చాడు. ప్రైవేటు టూరు.

“గుంపుల వడి తిరుగుడు కాదు బావా. మనకే కారు, మనకే గైడు. దీవి మొత్తం ఒక్క రోజుల కొట్టేసినం.”

తాటిముంజ కొట్టినంత తేలిగ్గా అన్నాడు ఆ మాట. నాకు లెక్కల పిచ్చి కొంచెం ఉంది. బాలి దీవి విస్తీర్ణం దాదాపు 5,780 చదరపు కిలోమీటర్లు. 2016లో మూడు ముక్కలు కాకముందు మా నల్లగొండ జిల్లా 14,240. అంటే ఆ దీవి పాత జిల్లాలో సగం కూడా రాదు. సరే, ఆ సగం జిల్లానే ఒక్క రోజులో చూపిస్తానని ఎవడైనా ఇప్పుడు మన గుమ్మం ముందు కారాపితే? పొద్దున భువనగిరి ఖిల్లా, పది కొట్టేసరికి కొలనుపాక, మధ్యాహ్నం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, పొద్దుగూకేసరికి సాగర్ అంటే? నకిరేకల్ దాటకముందే కారు ఆపించి, మంచినీళ్లు తాగించి, ఇంట్లో అంతా బాగేనా అని అడుగుతాం. అదే మాట కొబ్బరిచెట్టు బొమ్మ కింద రంగుల్లో అచ్చేస్తే మాత్రం ముందే డబ్బు కడతాం.

ఇక వాళ్ల రోజు ఎట్లా గడిచిందో వినండి. రాత్రి మూడింటికే గైడు లేపాడు. డ్రైవరూ గైడూ ఒక్కడే, అది వేరే సంగతి. దీవికి దక్షిణాన హోటలు, తూర్పు కొసన లెంపుయాంగ్ గుడి. రెండు గంటలకు పైగా చీకట్లో ప్రయాణం చేసి కొండ కిందికి చేరితే, ‘మనకే’ అన్న కారులాంటి కార్లు అప్పటికే బారులు తీరి ఉన్నాయి. ప్రైవేటు కారు అక్కడితో ఆగిపోయింది. పైకి అందరూ ఎక్కే షటిల్ బండే ఎక్కాలి. నడుముకు చుట్టుకోవడానికి ఒక గుడ్డ ఇచ్చారు. ఆ తర్వాత టోకెన్ ఇచ్చారు. మా బావ నంబరు 186.

గుడి చూడ్డానికి కాదండీ టోకెన్. గుడి ముందు రెండుగా చీల్చినట్టుండే రాతి ద్వారం ఉంది. దానికి టూరిస్టులు పెట్టిన పేరు స్వర్గద్వారం. మబ్బు లేకపోతే ఆ సందులోంచి అగుంగ్ అగ్నిపర్వతం కనబడుతుంది. ఆ ద్వారం మధ్య నిలబడి ఫొటో దిగడానికి టోకెన్. తిరుమలలో సర్వదర్శనం చేసుకున్న ఒళ్లు మాది, వరుసలకు భయపడం. కానీ అక్కడ గంటల తరబడి కూర్చుంటే చివర దేవుడైనా కనిపిస్తాడు. ఇక్కడ చివర కనిపించేది మా బావే. స్టూలు మీద కూర్చున్న ఒకతను ఫోన్ పుచ్చుకుని, ఒక భంగిమ, ఇంకో భంగిమ, ఎగురు, అయిపోయింది, తర్వాతి నంబరు అన్నాడట.

ఆ ఫొటో మాత్రం అద్భుతం, కాదనను. మా బావా, చెల్లే నిశ్చలమైన నీటి అంచున నిలబడి ఉన్నారు. కింద తలకిందులుగా వాళ్ల నీడలు, ద్వారం నీడ, ఆకాశం. “మంచి చెరువే. లోతెంత ఉంటది?” అన్నాను. బావ చాయ్ చల్లారిందని గొణిగాడు.

చెల్లె చెప్పింది: “చెరువు లేదు, గిరువు లేదన్నా. ఫోన్ కింద చిన్న అద్దం ముక్క వెడ్తడు. గంతే. మేం నిలవడ్డది బండల మీద.”

అప్పుడు తట్టింది నాకు, ఈ వ్యాపారం ఎక్కడో చూశానని. ఎక్కడో ఏమిటి, హైవే ఎక్కితే రోజూ చూస్తూనే ఉన్నాను. రీజినల్ రింగ్ రోడ్డు చౌటుప్పల్ దగ్గర కలుస్తుందన్న మాట పుట్టినప్పటి నుంచి మా చుట్టుపక్కల మొలిచిన వెంచర్లన్నిటికీ ముందు ఒక కమాను ఉంటుంది. ఏనుగులుంటాయి, ఫౌంటెన్ ఉంటుంది. కమాను దాటితే సున్నపు గీతలు, హద్దురాళ్లు, గాలికి చిరిగిన రంగు జెండాలు. ఆదివారం ఫ్రీ సైట్ విజిట్. ఇంటి ముందుకే ఇన్నోవా వస్తుంది, మీ కుటుంబానికే ప్రత్యేకంగా. మధ్యాహ్నం బిర్యానీ. “ఇక్కడ క్లబ్ హౌస్ వస్తది సార్. అటు మొత్తం లేక్ వ్యూ.” ఆ లేక్ ఎక్కడని అడక్కండి. చాలాసార్లు మనం నిలబడ్డదే దాని శిఖం.

బాలిలోనూ ఇన్నోవానే. అక్కడ దాని పూర్తి పేరు కిజాంగ్ ఇన్నోవా, కిజాంగ్ అంటే జింక. జింక వెంట పోతే ఏమవుతుందో రామాయణం విన్న జాతికి వేరే చెప్పాలా? బాలి వాళ్లకూ ఆ కథ బాగా తెలుసు. ఉలువాటు గుడి దగ్గర సాయంత్రాలు కెచక్ ఆటలో ఆడి చూపిస్తారు, టికెట్టుకు.

స్వర్గద్వారం తర్వాత తెగలలాంగ్. ఇక్కడ నేను కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు అసలు కడుపుమంట ఇక్కడే. తెగలలాంగ్‌లో చూడాల్సింది వరి పొలం. మెట్లు మెట్లుగా లోయలోకి దిగే వరి మళ్లు, అందమైనవే. లోపలికి పోవడానికి డబ్బు. ఉయ్యాల ఊగడానికి డబ్బు. ఉయ్యాల ఊగేటప్పుడు వెనక తోకలా ఎగిరే పొడవాటి గౌను అద్దెకు డబ్బు. ఉయ్యాలకు రెండు లక్షలు ఇచ్చామని బావ గొప్పగా చెప్పాడు. కంగారు పడకండి, రుపియాలు, మన వెయ్యి చిల్లర. వెంచర్ల పుణ్యమా అని మా ఊళ్లో అందరూ లక్షల్లోనే మాట్లాడటం అలవాటైంది కాబట్టి ఆ దేశపు కరెన్సీ మా వాళ్లకు వెంటనే పట్టుబడింది.

ఇంతకీ ఈ పెద్దమనిషికి మొన్నమొన్నటి దాకా బోరు కింద ఎకరంన్నర వరి ఉండేది. దమ్ము చేసేటప్పుడు మోకాళ్ల దాకా బురద, నాట్ల రోజున గట్టు మీద సద్దిమూట. అది వెంచరుకు పోయింది. ఆ పైసల్లో కొన్ని పెట్టి విమానం ఎక్కి, సముద్రాలు దాటి, టికెట్టు కొని, వరి చూశాడు. “గంత పచ్చగ ఎన్నడు చూడలే బావా,” అంటాడు. వాళ్ల అమ్మ వింటూ కూర్చుంది. ఆమె చేతులు చూశాను. ఏమీ అనలేదు ఆమె.

ఆ మళ్ల సంగతి గైడు చెప్పలేదు. బాలిలో నీళ్లు పంచుకునే రైతు సంఘాలను సుబక్ అంటారు. వెయ్యేళ్ల నాటి పద్ధతి. ఎవరి మడికి ముందు నీళ్లు, ఏ ఊరు ఎప్పుడు నాటాలి, ఎప్పుడు ఎండబెట్టాలి, ఇవన్నీ నీటి గుళ్ల దగ్గర కూర్చుని తేల్చుకునేవాళ్లు. 1970లలో ప్రభుత్వం కొత్త వంగడాలిచ్చి ఆగకుండా పంట మీద పంట వేయమంది. మళ్లకు విరామం పోయేసరికి పురుగు విరుచుకుపడింది, మళ్లీ పాత పద్ధతే దిక్కయింది. 2012లో యునెస్కో ఆ సుబక్ పద్ధతికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. మా గొలుసుకట్టు చెరువులూ, తూము దగ్గర నీరటికాడు చెప్పిందే వేదమైన రోజులూ తెలిసినవాడికి ఈ కథ రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. ఆ రెండు నిమిషాలు టూరులో లేవు. ఉయ్యాలకు ఇరవై నిమిషాలున్నాయి.

తర్వాత కాఫీ. పిల్లి తిని విసర్జించిన గింజలతో కాసే కాఫీ, లువాక్ అంటారు. ఆ పిల్లి మనకు కొత్తదేం కాదు, మన పునుగు పిల్లి చుట్టమే. తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసేది పునుగు తైలం. మనవాళ్లు దాని సువాసనను దేవుడికిచ్చారు, వాళ్లు దాని మిగతాది టూరిస్టుకిచ్చారు. అడవిలో రాత్రంతా తిరిగి పండిన పండు ఏరుకుని తినే జంతువు అది. ఇప్పుడు చాలాచోట్ల ఇనుప బోనులో పెట్టి కాఫీ పండ్లే మేపుతున్నారు. ఎట్లుంది రుచి అని అడిగాను. “కాలినట్టుంది. కాని ఊకెనే రుచి చూపిచ్చిండ్రు,” అన్నాడు బావ. ఊరికే చూపించిన పాపానికి కొన్న డబ్బా ఇంకా అల్మారాలో ఉంది. దాని మూత తీసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

బట్టల దుకాణం సంగతి చెప్పకపోతే నారాయణపురం వైపు మొహం చూపించలేను. లెంపుయాంగ్ నుంచి వచ్చే దారికి దగ్గర్లోనే తెంగానన్ అనే పల్లె ఉంది. పడుగుకూ పేకకూ రెంటికీ చిటికీ కట్టి రంగు అద్ది, ఆ రంగులు మగ్గం మీద కలిసేలా నేసే గెరింగ్‌సింగ్ బట్ట అక్కడిది. నూలును నూనెలో, బూడిద నీళ్లలో నానబెడతారు. ఒక్కో బట్టకు ఏళ్లు పడుతుంది. ఈ ముచ్చట ఎక్కడో విన్నట్టుందా? మా ఊరి నుంచి ఒక పూట పనిలో పోయి రాగలిగే, నారాయణపురం వైపు పుట్టపాకలో తేలియా రుమాలు నేసేదీ చిటికీ కట్టే, నూనెతో, ఆముదపు కాయల బూడిదతో నూలును సాధు చేసే. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ప్రపంచంలో ఇట్లాంటి నేత తెలిసిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అట్లాంటి ఒక చోటి వాడు ఇంకో చోటి పక్క నుంచి కారు అద్దాలు ఎక్కించుకుని పోయాడు. పోయి, కమీషను దుకాణంలో ఇకత్ బొమ్మ అచ్చుగుద్దిన చొక్కా కొన్నాడు. “పుట్టపాక ఎప్పుడన్న వోయినవా?” అంటే, “పోయిన, పెండ్లి దావతుకు.”

బావను ఒక్కడినే ఆడిపోసుకోవడం న్యాయం కాదులెండి. ఆదివారాలు హైదరాబాదు నుంచి పోచంపల్లికి వచ్చే కార్లను చూశాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, నాడె చేతిలో పట్టుకుని, ఫొటో దిగి, ముసలి నేతగాడి భుజం తట్టి, పది నిమిషాల్లో బిర్యానీకి పోతారు. వాళ్లకు మేమే బాలి.

దీవి టూరు నాకూ అనుభవమే. బడిలో ఉండగా నాగార్జునకొండ తీసుకుపోయారు. గైడు మా డ్రిల్ సారు, చేతిలో బెత్తం. లాంచీలో పులిహోర. కొండ మీద మ్యూజియంలో బొమ్మలను ముట్టుకోవద్దన్నది ఒక్కటే ఆయన చేసిన వ్యాఖ్యానం. పెద్దయ్యాక చదివితే తెలిసింది, అది పుట్టు దీవి కాదు, నీళ్లు చేసిన దీవి. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ అంతా సాగర్ కింద మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా ఆదరాబాదరా తవ్వి, దొరికినవి కొండ మీదికీ, అనుపు గట్టుకూ చేర్చారు. 1966లో మ్యూజియం పెట్టారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ మునిగిన లోయలో ఒక సింహళ విహారం ఉండేది, లంక నుంచి వచ్చిన భిక్షువుల కోసం కట్టింది. పదిహేడు వందల ఏళ్ల కింద ఒక దీవి వాళ్లే మా వైపు వచ్చారన్నమాట. వచ్చి, ఉండిపోయారు. వాళ్లు దిగిన ఫొటో ఒక్కటీ లేదు.

(ఆ సాగర్ నీళ్లు జిల్లాలో ఉండగానే మా వైపు బోర్లలో ఫ్లోరైడు తాగి ఎముకలు వంగిన తరాలున్నాయి. ఇంటింటికీ నల్లా అంటూ వాటర్ గ్రిడ్ పైలాన్‌ను 2015 జూన్‌లో మా ఊళ్లోనే ఆవిష్కరించారు. మా ఊళ్లో ఫొటో దిగదగ్గ కట్టడం అదే. టోకెన్ అక్కర్లేదు.)

ఆఖరి మజిలీ తానహ్ లోత్, సముద్రంలో బండ మీది గుడి, సూర్యాస్తమయం. ట్రాఫిక్‌లో సూర్యుడు వీళ్లకంటే ముందే పోయాడు. వెనక్కి వస్తుంటే బావ ముందు సీట్లో గుర్రుపెట్టాడు. చెల్లెకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో మాట మార్చే యాప్ పెట్టి, పొద్దుటి నుంచి ఎవరూ అడగని ముచ్చట అడిగింది ఆ డ్రైవరును. నీకు పొలముందా అని.

ఉండేదట. తెగలలాంగ్ దిక్కే. వాళ్ల నాయన ఇరవై ఐదేళ్లకు లీజుకిచ్చేశాడు, అందులో విల్లా కట్టారు, ఈతకొలనుతో సహా. లీజు తీరేసరికి తనకు అరవై వస్తాయట. మీకు అని అడిగాడతను.

“మాది గూడ పోయింది,” అన్నదట మా చెల్లె.

అందులో ఏం కట్టారని అడిగాడు.

“ఇంక ఏం కట్టలే. కమానొక్కటే కట్టిండ్రు.”

ఆ మాట యాప్ ఎట్లా తిప్పి చెప్పిందో ఏమో, అతను స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడట. ఇద్దరు రైతుబిడ్డలు పధ్నాలుగు గంటలు ఒకే కారులో కూర్చుని, ఒకే వరిమడిని చూసి, ఒకడు ఫొటో తీసి ఇంకొకడు తీయించుకుని, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇంటికి చేరేవాళ్లు, చెల్లెకు కునుకు పట్టి ఉంటే.

వాళ్లు తిరిగొచ్చిన రాత్రి సంగతి చెప్పనేలేదు. శంషాబాదు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో ఎక్కిన ప్రైవేటు బస్సువాడు పంతంగి దాకా తీసుకుపోయి గుర్తు చేసుకున్నాడు. బతిమాలి వెనక్కి వచ్చే ఇంకో బండి ఎక్కితే, అది అవతలి రోడ్డు మీద దించింది. బావ ఫోన్ చేశాడు. “బావా, డివైడర్ మీద ఉన్నం. రోడ్డు దాటనిస్తలేరు.” లుంగీ బిగించుకుని ఉరికాను. గన్నేరు చెట్ల మధ్య బావ, చెల్లె, మూడు సూట్‌కేసులు, నెత్తిన బాలి టోపీ. అటు విజయవాడ లారీలు, ఇటు హైదరాబాదు బస్సులు, అలల్లాగా ఒకదాని వెనక ఒకటి. నేను ఇవతల నిలబడి చెయ్యెత్తాను. ఆగు, ఇంకో టిప్పర్ ఉంది, ఆగు.

అవతల నుంచి మా చెల్లె అరిచింది: “అన్నా, మా నంబర్ ఎప్పుడొస్తది?”