మడి కట్టుకున్న రామెన్

హైదరాబాద్‌లో జపాన్ భోజనం చేయాలంటే ఇప్పుడు పాస్‌పోర్టు అక్కర్లేదు. సాయంత్రం పూట గచ్చిబౌలి ట్రాఫిక్‌ను భరించే ఓపిక ఉంటే చాలు. మెనూ మొదటి పేజీలో 'అసలు సిసలు జపాన్ రుచులు' అని ఉంటుంది. పేజీ తిప్పితే బటర్ చికెన్ రామెన్, షెజ్వాన్ ఉడాన్, పనీర్ కత్సు. ఒక పేజీకీ ఇంకో పేజీకీ మధ్య ఏం జరిగిందని అడిగితే, 'ఫ్యూజన్ సార్' అని సర్వర్ కుర్రాడు వినయంగా చెబుతాడు.

ఇలాంటి చోటికి మా తోడల్లుణ్ని తీసుకెళ్లకూడదు. కంపెనీ పనిమీద టోక్యోలో కొన్నాళ్లు ఉండొచ్చాడు. అప్పట్నుంచి జపాన్ పరువు మర్యాదల భారం ఆయనే మోస్తున్నాడు. బటర్ చికెన్ రామెన్ అన్న పేరు చదవగానే, మడిబట్టను ఎవరో ముట్టుకున్నట్టు ముడుచుకుపోయాడు. "ఇది రామెనా అన్నయ్యా? అక్కడివాళ్లు చస్తే ముట్టరు!"

అక్కడివాళ్లు ముట్టినవేమిటో చూద్దాం. 1910లో కస్టమ్స్ ఉద్యోగం చేసొచ్చిన ఒకాయన టోక్యోలోని అసకుసాలో రైరైకెన్ అనే హోటల్ పెట్టాడు. రామెన్‌ను జనానికి అలవాటు చేసిన పుణ్యంలో దానిది పెద్ద వాటా. అందులో వంటవాళ్లు యొకొహామా చైనాటౌన్ నుంచి వచ్చిన చైనావాళ్లు. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం దిగిన యొకొహామా న్యూ గ్రాండ్ హోటల్లో పుట్టిందని చెప్పుకునే నాపొరితాన్ ఇంకా గొప్పది. స్పగెట్టీలో ఉల్లి, క్యాప్సికం, సాసేజ్ ముక్కలు వేసి కెచప్‌తో కలిపేస్తారు. పేరు మాత్రం ఇటలీలోని నేపుల్స్‌ది. నేపుల్స్ వాళ్లు చూస్తే కేసు పెడతారేమో గానీ, జపాన్ వాళ్లు దాన్ని చిన్ననాటి రుచి అంటూ మురిసిపోతూ తింటారు. అదే స్పగెట్టీలో చేప గుడ్లు కలిపి, పైన సముద్రపు నాచు చల్లుకుని తినేవాళ్లకూ అక్కడ కొదవ లేదు.

ఇక కర్రీ ఉడాన్. మన మసాలా తెల్లదొరల వెంట ఇంగ్లండ్ వెళ్లి డబ్బాలో పొడిగా మారింది. మెయిజీ కాలంలో జపాన్ చేరి, చిక్కటి పులుసై ఉడాన్ మీద పడింది. ఇప్పుడు గచ్చిబౌలిలో దిగింది. ఇన్ని దేశాలు తిరిగొచ్చిన ఎన్నారైకి ఆ మాత్రం రేటు ఉండదా?

ఈ మడి పిచ్చి మనవాళ్లకూ తక్కువేం కాదు. ఇంగ్లిషువాళ్ల నుంచి తప్పించుకుని 1915లో జపాన్ చేరిన విప్లవకారుడు రాస్ బిహారీ బోస్, తనకు ఆశ్రయమిచ్చిన నాకమురాయా బేకరీ వాళ్లింటికే అల్లుడయ్యాడు. జపాన్ వాళ్ల కర్రీ ఆయనకు గొంతు దిగలేదు. 1927లో షింజుకులోని ఆ నాకమురాయాలోనే అసలైన ఇండియన్ కర్రీ పెట్టించాడు. మామూలు హోటల్ కర్రీకి ఎన్నో రెట్లు ధర. అయినా జనం ఎగబడ్డారు. మడివంటకు గిరాకీ ఎక్కడైనా ఉంటుంది.

2006లో జపాన్ సర్కారుకూ ఈ పూనకం వచ్చింది. వ్యవసాయ మంత్రి మత్సువోకా అమెరికాలోని కొలరాడోలో ఒక జపాన్ హోటల్‌కు వెళితే, సుషీ పక్కనే కొరియా మాంసం కనిపించిందట. విదేశాల్లోని జపాన్ హోటళ్లకు సర్టిఫికెట్లు ఇస్తామని బయల్దేరారు. అమెరికా పత్రికలు 'సుషీ పోలీసులు వస్తున్నారు' అని ఆడుకోవడంతో మెత్తబడ్డారు. ఆ పోలీసు శాఖలో మా తోడల్లుడు జీతం లేని కానిస్టేబుల్.

ఇంతలో గిన్నెలు వచ్చాయి. నారింజ రంగు నూనె తేలుతోంది, నూడుల్స్‌కు కసూరీ మేతి అంటుకుని ఉంది. సొన జారుతూ ఉండాల్సిన గుడ్డు గట్టిగా ఉడికి, అంచున ఆకుపచ్చ గీత కట్టింది. నిజం చెప్పొద్దూ, పులుసు బాగుంది. వింతేమిటంటే, హాలంతా నిండినా ఎక్కడా చప్పుడు లేదు. జపాన్‌లో రామెన్‌ను చప్పుడయ్యేలా జుర్రుకుంటారు, అది తప్పు కాదు. ఆ ఒక్క విద్యలో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. చారు మోచేతి దాకా కారుతుంటే జుర్రి జుర్రి పెరిగినవాళ్లం. అలాంటివాళ్లం మూతి బిగించి, ఫోర్కుకు పోగులు చుట్టుకుంటున్నాం. మా తోడల్లుడైతే పుల్లలతో ఒక్కో పోగే లేపుతున్నాడు.

మాతో వచ్చిన మామగారికి ఈ గొడవేం పట్టలేదు. గిన్నెను రెండు చేతులా ఎత్తి సర్రుమని జుర్రారు. పక్క టేబుల్ వాళ్లు తిరిగి చూశారు.

"మామగారూ, అందరూ చూస్తున్నారండీ" అని తోడల్లుడు గొణిగాడు.

"చూడనీవయ్యా, వాళ్లూ తాగుతారు. బాబూ, ఒక నిమ్మచెక్క తెచ్చిపెట్టు" అన్నారాయన.

కుర్రాడు తెచ్చాడు. బిల్లులో దాని పేరు 'జపనీస్ సిట్రస్ టచ్'. నూట ఇరవై రూపాయలు, జీఎస్టీ అదనం.