ఆదివారం రేంజిలో

మంచిర్యాల వైపు నుంచి వెళ్ళి చంద్రపూర్ బొగ్గు గనుల్లో కుదురుకున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మా బావ వాళ్ళది అలాంటి ఇల్లే. ఆయన చిన్నకూతురికి పుట్టుకతోనే వినపడదు. చదువు మరాఠీ మీడియం, పదో తరగతి. సైగలతో మాట్లాడుతుంది, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటుంది. అంతకుమించి చెప్పాల్సిందేమైనా ఉంటే కాగితం మీద రాస్తుంది.

2025 నవంబరులో టోక్యోలో బధిర ఒలింపిక్స్ జరిగాయి. 1924లో పారిస్‌లో మొదలైన క్రీడలివి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో మన హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఫైనల్లో 252.2 పాయింట్లు కొట్టి బంగారు పతకం గెలిచాడు. వెండి కూడా మనవాడికే, మహమ్మద్ ముర్తజా వానియాకు. ఆ ఫైనల్ వీడియో చూసినప్పటి నుంచి పిల్లకు మరో ధ్యాస లేదు. తనూ రైఫిల్ నేర్చుకుంటానంది.

ఆ ఆట కష్టం చూస్తే గాని తెలియదు. టార్గెట్ నడుమ పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటరు. అంటే పెన్నుతో పెట్టిన చుక్కంత. దాన్ని పది మీటర్ల దూరం నుంచి నిలబడి కొట్టాలి. తుపాకీ బరువు దాదాపు అయిదు కిలోలు. గుండె కొట్టుకునే అదురు కూడా గొట్టం దాకా రానివ్వకుండా, ఊపిరి నిలిపి, ట్రిగ్గర్ మీద వేలు మెల్లగా బిగించాలి. ఫైనల్లో ఇలా 24 సార్లు. పక్కవాడి తుపాకీ పేలినా, వెనక జనం చప్పట్లు కొట్టినా మనసు చెదరకూడదు.

ఒక ఆదివారం పొద్దున బావ పిల్లను తీసుకుని ఒక రైఫిల్ రేంజికి బయల్దేరాడు. తోడుగా నేనూ వెళ్ళాను. పక్కనే ఉన్న భద్రావతి ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో ఫిరంగి గుండ్లు తయారయ్యే జిల్లా అది. తుపాకీ పేరు చెబితే అక్కడెవరూ ఉలిక్కిపడరు. లోపల ఏడెనిమిది మంది పిల్లలు వరసగా నిలబడి గురి చూస్తున్నారు. నిర్వాహకుడు మెడలో ఇయర్‌మఫ్‌లు వేసుకుని, రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. పిల్ల సంగతి చెప్పగానే పెన్ను పక్కన పెట్టేశాడు.

“వినపడకపోతే ఎలా? ఇక్కడంతా ఆర్డర్ మీద నడుస్తుంది. స్టార్ట్ అంటే మొదలుపెట్టాలి, స్టాప్ అంటే ఆపాలి. రేపేదన్నా జరిగితే పూచీ ఎవరిది?”

“భుజం తడితే చాలు సార్, ఆగిపోతది. లేకుంటే ఓ ఎర్రలైటు పెట్టుకుందాం, ఖర్చు నేనిస్త,” అన్నాడు బావ.

“అవన్నీ వాళ్ళ పోటీల్లో. అందరి మధ్యా కుదరదు.”

“లిమాల 2021ల జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలు అందరివే గద సార్. ఆ ధనుష్ ఉన్న టీముకే బంగారు పతకమొచ్చింది. మరుసటి సంవత్సరం బ్రెజిల్‌ల బధిర ఒలింపిక్స్‌ల మిక్స్‌డ్ టీముల గూడ బంగారమే. ఆయనకు జోడీ ఎవరనుకున్నరు? మీ మహారాష్ట్ర పిల్లనే, ప్రియేషా దేశ్‌ముఖ్.”

గనిలో డ్యూటీ దిగి వచ్చాక నిద్ర మానుకుని కూతురి కోసం ఫోనులో ఇవన్నీ వెతికి పట్టుకున్న మనిషి. వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

ఆయన మాట పూర్తి కాకముందే నిర్వాహకుడు ఇయర్‌మఫ్‌లు చెవులకు తగిలించుకుని లైను వైపు తిరిగాడు. బావ ఇంకా చెబుతూనే ఉన్నాడు. కాసేపటికి నిర్వాహకుడు లేచి “స్టాప్” అని గట్టిగా అరిచాడు. చివర నిలబడ్డ ఇద్దరు పిల్లలు ఆగలేదు. వాళ్ళ చెవులకూ మఫ్‌లే. ఆయన నడుచుకుంటూ వెళ్ళి ఇద్దరి భుజాలూ తట్టి వచ్చాడు.

పిల్ల ఇదంతా కళ్ళప్పగించి చూసింది. బల్ల మీది పెన్ను తీసుకుని, ఒక కాగితం మీద మరాఠీలో మూడు ముక్కలు రాసి రిజిస్టరు మీద పెట్టింది. ఆయన చదివాడు. మఫ్‌లు తీసి, మళ్ళీ చదివాడు.

బావకు మరాఠీ మాట్లాడడమే గాని చదవడం రాదు. “ఏం రాసిందిరా?” అని నన్నడిగాడు. తొంగి చూసి చెప్పాను.

“ఇక్కడ అందరూ వినపడకుండా ఉండడానికి డబ్బులు పెట్టి మఫ్‌లు కొంటున్నారు. నాకు ఆ ఖర్చు లేదు. పేరు రాసుకోండి.”

ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. పేరు మాత్రం రాసుకోలేదు.