ఆరో కోర్

నేనొక ప్రాసెసర్‌ని. పాతబస్తీ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు వేసే ఓ దుకాణంలో, ఫ్యాన్ కింద వెండి రంగు రేకు కప్పుకొని, మూడేళ్లకు కాస్త తక్కువగా పనిచేశాను. నాలో ఎనిమిది కోర్లు. ఒకే ఇంట్లో ఎనిమిది మంది లెక్కలు వేసేవాళ్లు ఉన్నట్టు. వాళ్లలో ఆరోవాడి లెక్క తప్పింది. తప్పు నాది, నింద మాత్రం ఇంకొకరి మీద పడింది. అది నాకు ఇప్పటికీ బాధే.

దుకాణం చాచాది. ఆయన ఒకప్పుడు కాతిబ్. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి తండ్రి పేరు రెల్లు కలంతో రాస్తే ఆ రాతే అచ్చయ్యేది. 1990ల్లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి ఉర్దూ నస్తాలిఖ్ రాత కంప్యూటర్‌లోకి ఎక్కాక, ఆ కలాలన్నీ రేకు డబ్బాలోకి చేరాయి. చాచా చేతి పనిని నాలాంటివాళ్లకు అప్పగించారు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడింట్లోనూ కార్డులు కూర్చేది లాల్ దర్వాజా నుంచి వచ్చే కుర్రాడు.

ఆషాఢంలో బోనాల కరపత్రాలు చేస్తుండగా మొదటిసారి తెర నీలంగా మారింది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేసరికి రోజుకు మూడు నాలుగుసార్లు ఆగిపోతున్నాను. టైపు చేస్తున్నంతసేపూ బాగుండేది. కార్డు పూర్తయి, దాన్ని పీడీఎఫ్ చేద్దామనగానే నా మీద బరువు ఒక్కసారిగా పెరిగేది. ఆరోవాడు అక్కడ కూలబడేవాడు. అదీ ప్రతిసారీ కాదు. కోట్లాది ట్రాన్సిస్టర్లలో ఎక్కడో ఒకచోట బలహీనత ఉంది. ఫలానా వేగం, ఫలానా వోల్టేజీ, ఫలానా వేడి మూడూ కలిసినప్పుడే అది బయటపడేది. ఫ్యాక్టరీ పరీక్షల్లో నెగ్గి బయటికొచ్చిన లోపం అది.

ముందు ర్యామ్‌ను అనుమానించారు. రాత్రంతా పరీక్ష పెడితే ఒక్క తప్పూ దొరకలేదు. ఆ పరీక్ష నడిపింది నా మొదటి కోర్, దొరకదు. అయినా ర్యామ్ మార్చారు. తర్వాత కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. తర్వాత దుమ్ము దులిపి, నా మీద వేడి లాగే పేస్టు కొత్తగా పూశారు. విండోస్ రెండుసార్లు ఎక్కించారు. ప్రతిసారీ కుర్రాడు సీపీయూ డబ్బాను బండి మీద ముందు పెట్టుకొని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు మోసుకుపోయేవాడు. ప్రాసెసర్ పాడవ్వదన్నా, పాడైతే అసలు ఆన్ కాదు అని అక్కడ ఒకటే మాట.

అన్నీ మార్చాక మిగిలింది మనిషి.

"నువ్వే ఏదో ఎక్కించినవ్ రా. గేములో, సినిమాలో."

"ఏం ఎక్కించలే చాచా. ఒట్టు."

చాచా మళ్లీ మాట్లాడలేదు. ఆ రోజు కుర్రాడు చాయ్ తాగకుండానే పోయాడు.

నేను ఆగిపోవడం పని చెడగొట్టడానికి కాదు. లోపల లెక్క తేడా కొట్టిందని పసిగడితే, ఇక నన్ను నమ్మొద్దని కేక వేస్తాను. దాన్ని మెషీన్ చెక్ అంటారు. ఆ కేక వినగానే విండోస్ అంతటినీ నిలిపేస్తుంది, తప్పుడు లెక్క డిస్కు మీదికి ఎక్కకుండా. కేక వెయ్యని తప్పులు ఇంకా భయంకరం. 1994లో ఇంటెల్ పెంటియం భాగహారంలో తప్పింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి, 1.33373 వచ్చేది. జంట ప్రధాన సంఖ్యల మీద పనిచేస్తున్న థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు దాన్ని పట్టుకున్నాడు. ఆ చిప్‌లను మార్చి ఇవ్వడానికి ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అది ఆ డిజైన్‌తో తయారైన ప్రతి చిప్‌లోనూ ఉన్న తప్పు. నాది నా ఒక్కదాని జబ్బు. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2021లో చెప్పిన కథ నాకు మరీ దగ్గరది. వాళ్ల యంత్రం ఒకదానిలో 59వ నంబరు కోర్, 1.1ను 53వ ఘాతానికి హెచ్చిస్తే పూర్ణాంకంగా 156 రావలసిన చోట సున్నా ఇచ్చేది. నీలం తెర లేదు, చప్పుడు లేదు. ఫైళ్లు మాయమయ్యేవి, అంతే.

నా కేకలన్నీ విండోస్ చిట్టాలో రాసి ఉన్నాయి. ఎవరూ తెరిచి చూడలేదు. నింద తన మీద పడ్డాక కుర్రాడు చూశాడు. రెండోసారి విండోస్ ఎక్కించాక పదకొండు నమోదులు. ప్రతిదాంట్లో ప్రాసెసర్ కోర్ అనే ఉంది, పక్కన నంబరు 10 గానీ 11 గానీ. ఒక్కో కోర్‌కు రెండేసి నంబర్లు, లెక్క సున్నా నుంచి. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆరోది. ఆ రాత్రి షట్టర్ సగం దించి, ఒక్కో కోర్‌కు విడిగా ప్రైమ్95 పెట్టాడు. ప్రధాన సంఖ్యల వేటకు పుట్టిన ప్రోగ్రాం అది, జవాబులు ముందే తెలిసిన లెక్కలిచ్చి సరిపోల్చుకుంటుంది. ఐదుగురు నెగ్గారు. ఆరోవాడు నాలుగో నిమిషంలో తప్పాడు. నన్ను కనిపెట్టారన్న ఊరట నాకు అప్పుడు కలిగింది.

పొద్దున చాచాకు చూపించాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూశారు.

"తప్పు మాట అన్న బేటా నిన్ను."

కాసేపాగి, "కలం మొన చీలితే పారేస్తమా? చీలినంత చెక్కి రాస్తం. దీనికి గట్ల ఉండదా?" అన్నారు.

ఉంది. మా మదర్‌బోర్డులో ఒక్కో కోర్‌ను విడిగా ఆపొచ్చు. ఆరోది ఆపేశాడు. మిగతా ఏడుగురం శ్రావణం కార్డులన్నీ పూర్తిచేశాం. తెర మళ్లీ నీలం కాలేదు.

పని తగ్గాక నన్ను విప్పి, పేస్టు తుడిచి, డబ్బాలో పెట్టారు. మూడేళ్ల వారంటీకి ఇంకా నెలన్నర ఉంది. సర్వీస్ సెంటర్‌లో మామూలుగా ఆన్ చేసి చూసి, బాగానే ఉందని తిప్పి పంపుతారేమోనని కుర్రాడి భయం. డబ్బా మీదే రాద్దామన్నాడు. చాచా లేచి రేకు డబ్బా దించారు. ఓ కలం ఏరి, మొన చెక్కి, సిరాలో ముంచి, ఆరో కోర్ చెడిందని ఉర్దూలో నిదానంగా రాశారు. దాని కింద కుర్రాడు బాల్‌పెన్నుతో అంకెలు వేశాడు. 10, 11.