పన్ను నొప్పికి గుండు

మన దేశంలో ఏ సర్వీస్ సెంటర్ గడప తొక్కినా ఫోనుకి జరిగే మొదటి వైద్యం ఒక్కటే. చార్జింగ్ పిన్ వదులైందన్నా, స్పీకరు గీరుమంటోందన్నా, సిగ్నల్ అందడం లేదన్నా కౌంటర్ అవతలి నుంచి వచ్చే మాట మారదు: "సార్, ముందు సాఫ్ట్‌వేర్ కొట్టి చూద్దాం. డేటా మొత్తం పోతుంది, పర్లేదా?" పర్లేదో కాదో తేల్చుకునే లోపే జాబ్ షీట్ ప్రింటవుతుంది. మోడలు, ఐఎంఈఐ నంబరు, వెనక గీతలున్నాయా, మూల చితికిందా అన్న వివరాలన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. డేటాకి మా పూచీ లేదన్న వాక్యం మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో, సరిగ్గా సంతకం పెట్టే గీతకి పైన ఉంటుంది. పన్ను నొప్పని వెళ్ళినవాడికి ముందు గుండు కొట్టి, ఆ తర్వాత నోరు తెరవమన్నట్టుంది ఈ పద్ధతి. నొప్పి తగ్గకపోతే ఏమిటంటారా? "బోర్డు పోయింది సార్." బోర్డు ఖరీదు వినగానే కొత్త ఫోను గుర్తొస్తుంది. రాకపోతే పక్క గోడ మీద ఎక్స్‌చేంజ్ ఆఫర్ పోస్టరు గుర్తు చేస్తుంది.

ఇంతకంటే ముచ్చటైన సందర్భం ఇంకొకటుంది. పిన్ మార్చడానికి ఇచ్చిన ఫోను పిన్ మారి తిరిగొస్తుంది, ఆన్ మాత్రం కాదు. కంపెనీ లోగో వెలుగుతుంది, ఆరుతుంది, మళ్ళీ వెలుగుతుంది. లోపలికి పోయేటప్పుడు బాగానే నడిచింది కదా అని అడిగితే "మీరు అప్‌డేట్ చేసుంటారు, లేదా ఏదో యాప్ వేసుంటారు" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నారని పెద్దల మాట. ఇక్కడ మద్దెలకి సాఫ్ట్‌వేర్ అని పేరు పెట్టారు, అంతే తేడా. నేరం మోపడానికి సాఫ్ట్‌వేర్ కంటే అనువైన ముద్దాయి దొరకదు. అది కంటికి కనబడదు, ఎదురు చెప్పదు, పైగా విచారణకి ముందే దాన్ని చెరిపేసే అధికారం నేరం మోపినవాడి చేతిలోనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారి ఏదైనా తెగిందా, కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదా అన్న ప్రశ్నకి ఇక సాక్ష్యం ఉండదు.

ఈ తంతు అంతటికీ మూలం ఒకచోట ఉంది. చెడిపోయిన ఫోనులో ఆపరేటింగ్ సిస్టమ్‌ని శుభ్రంగా మళ్ళీ ఎక్కించడం వైద్యం మాత్రమే కాదు, రోగ నిర్ధారణ కూడా. అసలైన సాఫ్ట్‌వేర్ సరిగ్గా ఎక్కి ఫోను లేచిందా, తప్పు సాఫ్ట్‌వేర్‌ది. ఎక్కకుండా మధ్యలో ఆగిందా, ఎక్కాక కూడా సిగ్నల్ రాలేదా, అనుమానం హార్డ్‌వేర్ మీదికి, అంటే చివరగా మూత విప్పిన చేతి మీదికి మళ్ళుతుంది. ఐఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి రీస్టోర్ చేస్తున్నప్పుడు 4013, 4014 లాంటి అంకెలు పదేపదే వస్తే ముందు కేబుల్ మార్చు, కంప్యూటర్ మార్చు, అప్పటికీ వస్తే లోపల భాగమే చెడి ఉండొచ్చు అని చెప్పే పద్ధతి ఉంది. అది యజమాని ఇంట్లో కూర్చుని చేసుకోగల పరీక్ష. సాఫ్ట్‌వేర్‌ని తిరిగి ఎక్కించే వీలు ఎవరి చేతిలో ఉంటే తీర్పు వాళ్ళ చేతిలో ఉంటుంది. మన బజార్లో అమ్ముడయ్యే ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఆ వీలు కొన్నవాడికి లేదు. ముద్దాయే జడ్జీ అయిన చోట కేసు ఎటు పోతుందో చెప్పడానికి లాయరు అక్కర్లేదు.

ఇదంతా ఊహ కాదనడానికి ఒక చరిత్ర ఉంది. ఐఫోన్ 6 వాడేవాళ్ళు కొందరు హోమ్ బటన్ పాడైతే బయటి షాపులో మార్పించుకున్నారు. ఫోన్లు హాయిగా నడిచాయి. నెలల తర్వాత కొత్త ఐఓఎస్ ఎక్కించబోతేనో, రీస్టోర్ చేయబోతేనో తెర మీద ఎర్రర్ 53 అని పడి ఫోను ప్రాణం పోయింది. వేలిముద్ర చదివే ఆ బటన్, లోపలి చిప్పుతో జత కలిసి ఉందా లేదా అని రీస్టోర్ సమయంలో ఒక తనిఖీ జరుగుతుంది. జత కుదరలేదు కనక మొత్తం ఫోన్నే పడుకోబెట్టారు. 2016 ఫిబ్రవరిలో గొడవ పత్రికలకెక్కితే ఆపిల్ మొదట చెప్పిన మాట: ఇది మీ వేలిముద్రల భద్రత కోసం. అదే నెల 18న ఐఓఎస్ 9.2.1 కొత్త రూపం విడుదల చేసి చెప్పిన మాట: ఆ తనిఖీ ఫ్యాక్టరీలో టచ్ ఐడీ పనిచేస్తోందో లేదో చూడటానికి పెట్టింది, వాడుకరుల జోలికి రాకూడనిది, క్షమించండి. రెండు వారాలు తిరక్కుండానే భద్రతా కవచం కాస్తా ఫ్యాక్టరీలో మర్చిపోయిన సామాను అయిపోయింది. కొత్త ఫైలు ఎక్కించగానే చచ్చిన ఫోన్లు లేచి కూర్చున్నాయి. మార్చిన బటన్ మీద వేలిముద్ర పనిచేయదు, మిగతా ఫోను భేషుగ్గా పనిచేస్తుంది. నిజంగా భద్రతే కావాలనుకుంటే మొదటి రోజే చేయగలిగిన పని అది: అనుమానం ఉన్న భాగాన్ని మూసేసి మిగతాది నడవనివ్వడం.

ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ ఈ వ్యవహారాన్ని కోర్టుకి లాగింది. బయట రిపేరు చేయించుకున్నారు కాబట్టి మీకు ఏ పరిహారమూ రాదని కనీసం 275 మంది కస్టమర్లకి ఆపిల్ చెప్పినట్టు తేలింది. 2018 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు 90 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఆపిల్‌కి అది చిల్లరే, ఎవరూ ఏడవనక్కర్లేదు. బయటివాడు ఒక భాగాన్ని ముట్టుకున్నంత మాత్రాన మొత్తం ఫోను మీద కొన్నవాడి హక్కు పోదని ఒక కోర్టు నోట రావడమే ఇక్కడ లెక్కలోకి వచ్చే సంగతి.

ఇక్కడ కంపెనీల తరఫు వకాల్తా మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు, ఎక్కించే పనిముట్లు అందరి చేతికీ ఇస్తే దొంగలు, హ్యాకర్లు చెలరేగిపోతారట. మీ బ్యాంకు ఖాతా ఫోనులోనే ఉంది కదా, ఆలోచించండి అంటారు. ఆలోచిద్దాం. కంపెనీ తన ఫైలు మీద గూఢలిపి సంతకం చేసి వదులుతుంది. ఫోను లేచేటప్పుడు ఆ సంతకాన్ని సరిచూస్తుంది. ఫైల్లో ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా సంతకం కుదరదు, తాళం వేసి ఉన్న ఫోను దాన్ని స్వీకరించదు. కాపలా కాస్తున్నది సంతకం. ఫైలును బీరువాలో దాచడం వల్ల కాపలాకి కలిసొచ్చేది ఏమీ లేదు. గూగుల్ తన పిక్సెల్ ఫోన్లకి పూర్తి సాఫ్ట్‌వేర్‌ని బహిరంగంగానే పెడుతోంది. రికవరీ మోడ్‌లోంచి పూర్తి ఓటీఏ (అప్‌డేట్) ఫైలు ఎక్కిస్తే బూట్‌లోడర్ తాళం తీయక్కర్లేదు, ఫొటోలూ చెరిగిపోవు. ఐఫోన్‌నైనా రికవరీ మోడ్‌లో పెట్టి రీస్టోర్ బదులు అప్‌డేట్ నొక్కితే డేటా జోలికి పోకుండా సిస్టమ్‌ని తిరిగి వేయడానికి ప్రయత్నిస్తుంది. డేటా పోకుండా సాఫ్ట్‌వేర్ వేయడం కుదరదన్న మాట మన కౌంటర్ల దగ్గర వేదవాక్కులా ఎలా చలామణీ అవుతోందో మరి!

దొంగల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో ఒక తాళం వచ్చింది. ఫోనుని బలవంతంగా రీసెట్ చేస్తే పాత గూగుల్ ఖాతా, పాస్‌వర్డ్ చెప్పందే తెరుచుకోదు. మంచి ఏర్పాటే. కానీ మన ఊళ్ళలో సగం జీమెయిల్ ఖాతాల పుట్టుక ఎలాంటిదో అందరికీ తెలుసు. ఫోను కొన్న రోజు షాపు కుర్రాడు తన ఇష్టం వచ్చిన పేరు, దాని పక్కన నాలుగంకెలు, నోటికొచ్చిన పాస్‌వర్డ్ కొట్టి "అయిపోయింది పెద్దమ్మా" అని చేతిలో పెట్టినవే. సర్వీస్ సెంటర్ గుండు కొట్టి పంపాక ఆ తెర పాస్‌వర్డ్ అడుగుతుంది. పెద్దమ్మకి జీమెయిల్ ఉందన్న సంగతే తెలియదు. బిల్లు ఉంది, డబ్బా ఉంది, ఆధార్ కూడా ఉంది, అయినా ఆ తెర దృష్టిలో ఆవిడ దొంగ. చివరికి ఆవిడ మనవడు హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోటికో, జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదురు సందులోకో పోతాడు. అక్కడ డాంగిల్ ఉంటుంది, బాక్స్ ఉంటుంది, క్రెడిట్లు కొని నడిపే అన్‌లాక్ టూల్ ఉంటుంది. కంపెనీ బీరువాలో భద్రంగా ఉందనుకుంటున్న ఫైలూ ఉంటుంది. టీ తాగేలోపు పనైపోతుంది. దొంగకి దారి తెలుసు, సందులో కుర్రాడికి తెలుసు, ఆథరైజ్డ్ సెంటరుకి తెలుసు. తెలియనిది డబ్బు పెట్టి కొన్నవాళ్ళకి మాత్రమే. ఇంత పకడ్బందీగా ఒక్కరినే బయట నిలబెట్టే భద్రత మరెక్కడా చూడం.

జనానికి ఇస్తే తప్పు ఫైలు ఎక్కించుకుని ఫోన్లు చంపుకుంటారన్నది రెండో వాదన. ఇందులో నిజం లేకపోలేదు. వేరే మోడల్ ఫైలు వేసి ఐఎంఈఐ పోగొట్టుకున్నవాళ్ళు, సగంలో కేబుల్ పీకి ఫోనుని ఇటుక చేసుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకు మందు పరిశ్రమ దగ్గర ఎప్పటినుంచో ఉంది. మ్యాక్ కంప్యూటర్లు 2011 నుంచే తమంతట తాము ఇంటర్నెట్‌కి తగులుకుని తమ సిస్టమ్‌ని దింపుకుంటున్నాయి. 2016లో ఆండ్రాయిడ్ 7తో రెండు గదుల ఏర్పాటు వచ్చింది: కొత్త సాఫ్ట్‌వేర్ ఖాళీ గదిలోకి ఎక్కుతుంది, లేవలేకపోతే ఫోను పాత గదిలోంచే లేస్తుంది. 2024లో వచ్చిన ఐఫోన్ 16లో సిస్టమ్ పడిపోతే పక్కన ఇంకో ఐఫోన్ పెట్టి గాల్లోనే సరిచేసుకోవచ్చు. మోడల్ ఏదో ఫోనే చెబుతుంది, ఫైలు సరైనదో కాదో సంతకమే చెబుతుంది, ఇక మనిషి తప్పు చేయడానికి మిగిలేది కేబులు ఒక్కటే. ప్రజలకి చేతకాదనే ఈ కంపెనీలే, తమ యాప్‌లో ఆరు అనుమతులు, ముఖం స్కానింగ్, మూడు ఓటీపీలు వరుసగా చేయమన్నప్పుడు ఆ ప్రజలే మేధావులని నమ్ముతాయి.

మూడో వాదన కాస్త బరువైనది. డేటా చెరపడం మీ మంచికే, లేకపోతే బాగుచేసేవాడు మీ ఫొటోలు చూస్తాడు అంటారు. చూస్తారు, అందులో అనుమానం లేదు. కెనడాలో గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రహస్యంగా నమోదు చేసే ఏర్పాటుతో ల్యాప్‌టాప్‌లని రిపేరు షాపులకి పంపి, కొందరు టెక్నీషియన్లు యజమానుల వ్యక్తిగత ఫొటోలు తెరిచి చూశారని, కాపీ చేసుకున్నవాళ్ళూ ఉన్నారని 2022లో బయటపెట్టారు. అయితే దొంగ చూపుకి విరుగుడు ఇల్లు తగలబెట్టడమా? శాంసంగ్ 2022లో మెయింటెనెన్స్ మోడ్ తెచ్చింది, పిక్సెల్‌కి 2023 డిసెంబరులో రిపేర్ మోడ్ వచ్చింది. డేటాకి తలుపేసి ఫోనుని మాత్రమే టెక్నీషియన్‌కి అప్పగించే వీలు అది. మీ ఫోనులో ఉందేమో ఆన్ చేసి ఇవ్వండి అని కౌంటర్ దగ్గర ఎంతమంది చెబుతున్నారు? గుండు తేలిక, తాళం వేయించడం కష్టం. ఇక బ్యాకప్ ఉంది కదా అంటారా, వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే సర్దుకోవాలి. ఆ 15 జీబీ గుడ్ మార్నింగ్ గులాబీలతో ఎప్పుడో నిండి ఉంటుంది. అది నిండాక బ్యాకప్ ఆగిపోయిన సంగతి రీసెట్ తర్వాతే తెలుస్తుంది. యూపీఐ మళ్ళీ నమోదు చేయాలంటే సిమ్‌లోంచి ఎస్ఎంఎస్ పోవాలి. సిగ్నల్ లేదనే కదా ఫోను సర్వీసుకిచ్చింది.

ఇందులో కౌంటర్ వెనకున్న కుర్రాడిని తిట్టడం అన్యాయం. ముందు రీసెట్, తర్వాత అప్‌డేట్, ఆపైన బోర్డు మార్పు అన్న వరస అతను రాసింది కాదు. బోర్డులో ఏ ఐసీ పోయిందో వెతికే సమయం అతనికి ఇవ్వరు. వెతికే నైపుణ్యం ఉన్నవాళ్ళు జగదీష్ మార్కెట్‌లో సొంత బల్ల వేసుకుని మైక్రోస్కోపు కింద పని చేస్తుంటారు. వాళ్ళని అనధికారికులు అంటాం.

మన ప్రభుత్వం ఊరికే ఏమీ కూర్చోలేదు. 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, ఆ ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీల వారంటీ వివరాలు, సర్వీస్ సెంటర్ల సమాచారం దొరుకుతాయి. అంటే గుండు ఏ ఏ ఊళ్ళలో కొడతారో అధికారికంగా తెలుస్తుంది. వస్తువు ఎంత తేలిగ్గా బాగుపడుతుందో మార్కులు వేసే సూచీ కోసం మరో కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. విప్పడం, విడిభాగాలు, పనిముట్లు, రిపేరు సమాచారం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అందులో కొలమానాలు. బాగానే ఉంది. కానీ కొత్త సాఫ్ట్‌వేర్ ఎన్నేళ్ళు ఇస్తారన్నది ఒకటి, ఉన్నది పడిపోతే ఎవరు లేపుకోవచ్చన్నది వేరొకటి. రెండో దానికి మార్కులు పెడితే ఎంతమంది పాసవుతారో చూడాలని ఉంది. ఆలోగా జాబ్ షీట్‌లో మూడు గళ్ళు పెంచినా చాలు: ఫోను వచ్చేటప్పుడు ఏ వెర్షన్‌తో నడుస్తోంది, పోయేటప్పుడు ఏది ఎక్కించారు, ఎక్కకపోతే ఏ ఎర్రర్ నంబరు వచ్చింది. మూలన గీత ఉందా లేదా అని రాసుకునే చేత్తో ఇదీ రాయొచ్చు. ఆ కాగితం పట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినవాడికి చెప్పుకోవడానికి ఒక అంకె ఉంటుంది.

ఆఖరి అభ్యంతరం ఖర్చు. ప్రతి మోడలుకీ ప్రతి వెర్షన్ ఫైలూ పెట్టాలంటే సర్వర్లు కావాలి, నిర్వహణ కావాలి, ఎవరు భరిస్తారని అడుగుతున్నారు. ఎవరూ అడగకపోయినా కొత్త ఫోన్లోకి రెండు షాపింగ్ యాప్‌లు, మూడు ఆటలు, లాక్ స్క్రీన్ మీద పూటకో ప్రకటన ఎక్కించడానికి ఏ సర్వర్లు భరిస్తున్నాయో, అవే.