మెమరీకి నోరున్న రోజులు

మా రోజుల్లో మెమరీ చెడితే కంప్యూటర్ కేక పెట్టేది. దాపరికం లేదు. తెర మీద ‘పారిటీ చెక్’ అని వేసి ఉన్నపళంగా బిగుసుకుపోయేది. గుమాస్తా పొద్దుటి నుంచి కొట్టిన జీతాల పట్టీ గంగలో కలిస్తే కలిసింది, తప్పుడు అంకె మాత్రం ప్రింటులోకి పోయేది కాదు. ఇప్పటి మెమరీ ఉందే, లోపల ఏం తగలబడుతున్నా పైకి మాత్రం అంతా క్షేమం అంటుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి. పీసీ ఎక్స్‌టీల కాలం. ఎనిమిది బిట్ల బైటుకి తొమ్మిది చిప్పులు ఉండేవి. ఎనిమిదింటిలో ఒకట్లు సరి సంఖ్యలో ఉన్నాయా, బేసిలో ఉన్నాయా అని సరిచూసుకోవడానికి ఆ తొమ్మిదోది. పారిటీ అంటే అదే. తేడా వస్తే మిషను ఆగాల్సిందే. మళ్ళీ ఆన్ చేస్తే 201 అనే ఎరర్, దాని ముందు నాలుగు అక్షరాల కోడ్. మొదటి రెండూ ఏ వరసో చెప్పేవి, తర్వాతి రెండూ ఆ వరసలో ఏ చిప్పో చెప్పేవి. ఇంకేం కావాలి? స్క్రూడ్రైవర్ మొనతో అటు కొంచెం, ఇటు కొంచెం లేపి, పదహారు కాళ్ళ చిప్పుని పీకి, కొత్తది నొక్కడమే.

చాలాసార్లు కొత్తది కూడా అక్కర్లేదు. వేడెక్కుతూ చల్లారుతూ చిప్పు సాకెట్లోంచి మెల్లగా పైకి లేచేది. బొటనవేలితో నొక్కితే టిక్కుమని కూర్చునేది. తర్వాత స్టిక్కులొచ్చాక, వాటి అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్దితే సగం జబ్బులు పోయేవి. సోల్డర్ చేసిన చిప్పు మీద అనుమానం వస్తే, మంచి చిప్పునొకదాన్ని దాని వీపు మీద కాళ్ళకి కాళ్ళు తగిలేలా ఎక్కించి చూసేవాళ్ళం. మిషను నడిచిందా, చాలావరకు కిందది పోయినట్టే. అలాంటిది ఇవాళ మెమరీని ఒకదాని మీద ఒకటి పేర్చడం మహా కొత్త విద్య అని చెప్తుంటే నాకు నవ్వు రాదూ!

మా మేనల్లుడు ఏఐ సర్వర్లుండే డేటా సెంటర్లో పనిచేస్తాడు. నోరు తెరిస్తే హెచ్‌బీఎం, అదే ఆ పేర్చిన మెమరీ. 2013లో దానికి ప్రమాణం వచ్చింది, 2015లో గ్రాఫిక్స్ కార్డుల్లోకి ఎక్కింది. తలవెంట్రుక కన్నా పలచగా అరగదీసిన డీర్యామ్ పలకల్ని ఎనిమిదేసి, పన్నెండేసి పేరుస్తారు. వాటి గుండా వేల కొద్దీ సన్నటి రంధ్రాలు పొడిచి రాగి నింపుతారు. ఇంతా చేసి ఎత్తు మిల్లీమీటరు కూడా ఉండదు. వేగం మీద నాకు పేచీ లేదు. చెడితే ఏం చేస్తావన్నదే నా గొడవ. తాపేశ్వరం మడత కాజాలోంచి నడిమి పొర ఒక్కటీ తీసిమ్మన్నట్టుంటుంది. పలకలు నూటికి 99 మంచివే అనుకున్నా, పన్నెండేసి పేర్చేసరికి వంద దొంతరల్లో పదకొండింటిలో ఎక్కడో ఓ చెడ్డ పలక ఉంటుంది. కావాలంటే లెక్క వేసుకోండి.

అందుకని ముందే స్పేర్లు పెట్టి కూర్చున్నారు. ఒక దారి తెగితే సిగ్నల్ని పక్కదారికి జరుపుతారు. ఒక వరస చెడితే దాని బదులు స్పేరు వరస చూపిస్తారు. లోపలి ఫ్యూజు కాల్చి ఆ ఏర్పాటుని శాశ్వతం చేసే పద్ధతీ ఉంది. ఎన్విడియా ఏ100 కార్డు చెడిన వరసల్ని 512 దాకా మార్చుకోగలదు, కాకపోతే అమల్లోకి రావాలంటే రీసెట్ కొట్టాలి. మావాడు చేసే మరమ్మతంతా ఆ రీసెట్టే.

“ఒరేయ్, ఎప్పుడైనా పీకి చూశావా?” అన్నాను.

“దాన్ని పీకడం ఉండదు మావయ్యా. స్పేర్లు అయిపోతే కార్డు మొత్తం వెనక్కి పంపేయడమే” అన్నాడు. ఒక్క పలకకి జబ్బు చేస్తే లక్షల కార్డుకి సెలవు!

ఒక బిట్ తిరగబడితే ఈసీసీ అనే తప్పులు దిద్దే కోడ్ దిద్దేస్తుందంటాడు. ఆ విద్య మాకన్నా పాతది. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ తన లెక్కలు శని ఆదివారాల్లో తప్పు దగ్గర ఆగిపోతుంటే విసిగిపోయాడు. తప్పుందని పట్టుకునే మిషను దాన్ని దిద్దుకోలేదా అని గొణిగాడు, 1950లో దిద్దే కోడ్‌ని అచ్చు వేయించాడు. ఆ దారిలోనే 64 బిట్లకి 8 కలిపితే ఒక తప్పుని దిద్దవచ్చు, రెండుంటే పట్టుకోవచ్చు. గొణుగుడుని తక్కువ చేసి చూడకండి.

మావాడు ఊరుకుంటాడా? “మీ పారిటీకి ఒకే బైటులో రెండు బిట్లు ఒకేసారి తిరగబడితే తెలిసేదే కాదు మావయ్యా. మెటా వాళ్ళు లామా 3 అనే ఏఐ మోడల్ కోసం 16,384 జీపీయూలు పెట్టి నడిపితే, 54 రోజుల్లో అనుకోకుండా 419 సార్లు పని ఆగింది. అందులో 72 హెచ్‌బీఎం వల్లే. ప్రతి బిట్టుకీ ఆగుతూ కూర్చుంటే ఆ పని తెమిలేదా?”

తెమలదు. దిద్దుకోనీ, నేనేం వద్దన్నానా? దిద్దిన సంగతి ఎవరూ పట్టించుకోరేం అనేదే నా ఏడుపు. హెచ్‌బీఎం3లో లోపల దిద్దుకున్న తప్పుని బయటికి చెప్పే ఏర్పాటు కూడా ఉంది. అంటే మెమరీకి నోరు పోలేదు, వినేవాడే లేడు. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో, ఏడాదిలో దాదాపు మూడోవంతు మిషన్లలో దిద్దగలిగే తప్పులు కనబడ్డాయి. అలాంటివి వచ్చిన మెమరీకే తర్వాత దిద్దలేని తప్పు వచ్చే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని కూడా తేలింది. చిన్న తప్పు ముందొచ్చి కబురు చెప్తుంటే, ‘దిద్దేశాం’ అని పక్కకి తోసేస్తే ఎలా?

“మీ కార్డుల్లో స్పేర్లు ఎన్ని ఖర్చయ్యాయిరా?” అని అడిగాను. “డ్యాష్‌బోర్డు ఆకుపచ్చగానే ఉంది మావయ్యా” అన్నాడు. నేనడిగింది రంగు కాదు, అంకె. మా రోజుల్లో అయితే సొరుగు లాగితే స్పేరు చిప్పుల డబ్బా ఎంత ఖాళీ అయిందో కంటికి తెలిసేది. పొద్దున్నే కాఫీకి ముందు దిద్దిన తప్పుల లెక్క చూసుకో, రోజురోజుకీ పెరుగుతుంటే ఆ కార్డుని పెద్ద పని మీంచి ముందే తప్పించు అని చెప్పాను. దానికి స్క్రిప్టు రాస్తానన్నాడు. రాయనీ. ఆ స్క్రిప్టు చెప్పేది చదివే మనిషి ఎవరో కూడా అందులోనే రాయమన్నాను.